గూఢచారి గొంతు ఎవరిది?



కన్నులకు విందు చేయుటకై పుట్టిన చలనచిత్రమునుగూర్చి, కన్నులతో పనిలేని రేడియోలో ప్రసంగించుట తగునా యని మీలో కొందరికి తోచవచ్చును. నేను చెప్పదలచిన కథకు మాత్రము ఇంతకంటె తగిన తావు లేదని నా నమ్మకము. ఏలయన, అరువది సంవత్సరములకు పైబడి ప్రపంచమంతట ప్రదర్శింపబడుచున్న జేమ్స్ బాండ్ చిత్రములలో, ప్రేక్షకులు కన్నులార చూచినదానికంటె, ఎవరిది వినుచున్నామో యెఱుగకయే వినినది గొప్పదని నేను తలంతును.

1962వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన లండను నగరమున, పిక్కడిల్లీ సర్కస్ చెంత నున్న పెవిలియన్ థియేటరులో ‘డాక్టర్ నో’ అను చిత్రము ప్రథమముగా ప్రదర్శితమయ్యెను. ఆ చిత్రమును చూచినవారెవ్వరును మఱవజాలని దృశ్య మొకటి అందున్నది. జమైకా ద్వీపపు తీరమున, పాలసముద్రమునుండి అప్సరస వెడలివచ్చినట్లు, చేత గవ్వలతో ఒక సుందరి నీటినుండి ఇసుకపైకి నడచివచ్చును. ఆ రూపము స్విట్జర్లాండు దేశీయురాలైన ఉర్సులా ఆండ్రెస్‌ది. ఆమె ఇంగ్లీషులో స్వదేశపు యాస బలముగా నుండుటచే ఆ పాత్రకు వేఱొక గొంతు వెదకవలసివచ్చెను. మాటలు పలికినది నికీ వాన్ డెర్ జిల్ అను యువతి. ఒడ్డున ఆ పాత్ర పాడుకొను పాటను పాడినది డయానా కూప్లాండ్ అను గాయని. రూప మొకరిది, మాట యొకరిది, పాట మఱియొకరిది. ఘంటసాల వెంకటేశ్వరరావుగారి గానమును ఒకప్పుడు రామారావుగారి పెదవులపైనను, మఱొకప్పుడు నాగేశ్వరరావుగారి పెదవులపైనను విని ఆనందించిన తెలుగువారికి ఈ యేర్పాటు వింత కాదు.

అదే చిత్రమున, జూదశాలలో పేకముక్కల బల్లయొద్ద ఎదురుగా కూర్చున్న యువతి, ఆ ధీరుని పేరేమో తెలిసికొనగోరి, మాటను సగములో నాపి ప్రశ్నార్థకముగా చూచును. అప్పుడు నాయకుడు సిగరెట్టు వెలిగించుచు తన యింటిపేరు ముందును, పూర్తిపేరు వెనుకను చెప్పును. లోకమునం దింతగా అనుకరింపబడిన పరిచయవాక్యము సినిమాలలో వేఱొకటి కలదో లేదో! ఆ యువతిగా నటించినది యూనిస్ గేసన్. ఆ ప్రశ్న పలికిన గొంతు మాత్రము మరల నికీదే. బాండ్ తన పేరును తొలిసారిగా చెప్పినది, తెరపై లేని యొక స్త్రీకి సమాధానముగా ననుట అతిశయోక్తి కాదు.

నికీ 1935లో బెర్లిన్ నగరమున జన్మించెను. ఆమె తండ్రి యూదుల మతాచార్యుడు. హిట్లరు పాలనలో యూదులకు బ్రదుకు దుర్భరమైనప్పుడు, 1939లో ఆ కుటుంబము ఇంగ్లండునకు తరలివచ్చెను. పరభాషను పరదేశమున నేర్చుకొన్న ఆ బాలిక పెరిగి పెద్దదై, ఆ భాష స్పష్టముగా పలుకనేరని నటీమణులకు తన గొంతునిచ్చుట నా హృదయమును కదలించిన విషయము. ‘గోల్డ్ ఫింగర్’లో మేనంతయు బంగారుపూత పూయబడి మరణించు యువతికి, ‘థండర్ బాల్’లోని నాయికకు, ఇంకను పలువురకు ఆమెయే గొంతు. ‘గోల్డ్ ఫింగర్’ ప్రతినాయకుడు గెర్ట్ ఫ్రోబె జర్మను దేశీయుడు. ఆయనకు ఇంగ్లీషు బహుస్వల్పముగా వచ్చును. షూటింగులో ఆయనచేత సంభాషణములు పలికించు శిక్షకురాలును నికీయే. అంత కష్టపడినను తుదకు ఆయన కంఠమును తీసివైచి, మైఖేల్ కాలిన్స్ అను నటుని గొంతు చేర్చిరి.

ఇట్లు అరువు గొంతులు సమకూర్చుకొన్న ఆ కథానాయకుని పేరుకూడ అరువే. ఇయాన్ ఫ్లెమింగ్ అను ఆంగ్లేయుడు ద్వితీయ ప్రపంచ సంగ్రామకాలమున బ్రిటిషు నౌకాదళపు గూఢచారశాఖలో, దాని యధిపతి అడ్మిరల్ గాడ్‌ఫ్రేకు సహాయకుడుగా పనిచేసి, యుద్ధానంతరము జమైకాలో ‘గోల్డెన్ ఐ’ అను ఇల్లు కట్టుకొని, ఏటేట శీతకాలమున నచ్చటికి పోవుచు, 1952లో తన తొలి నవల ‘కసీనో రాయల్’ వ్రాసెను. నాయకునకు అలంకారములేని సాదా పేరు కావలెనని ఆయన కోరిక. ఆయనకు ప్రియమైన పుస్తకములలో వెస్టిండీసు పక్షులను వర్ణించు గ్రంథ మొకటి యుండెను. దానిని రచించిన పక్షిశాస్త్రజ్ఞుని పేరు జేమ్స్ బాండ్. దుర్భిణితో పిట్టలను పరిశీలించు ఆ సాధుపురుషుని పేరు, అతని ప్రమేయము లేకయే, హంతకులను వేటాడు గూఢచారి కంటుకొనెను.

నవలలు వెలువడెను, కాని సినిమా రంగము చాలకాలము వానివంక చూడలేదు. 1954లో అమెరికాలోని సి.బి.యస్. టెలివిజను సంస్థ తొలి నవలను ఒక గంటసేపటి నాటకముగా ప్రసారము చేయగా, అందు బాండ్ అమెరికనై జిమ్మీ యను ముద్దుపేరుతో దర్శనమిచ్చెను. న్యూయార్కులో పుట్టి లండనులో చిత్రములు తీయుచుండిన ఆల్బర్ట్ బ్రాకలీకి ఈ నవలలపై మక్కువ యుండెను గాని, ఆయన నాటి భాగస్వామి, ఫ్లెమింగ్ సమక్షముననే, వానిని తీసిపారవైచి అవకాశమును చెడగొట్టెను. ఇంతలో కెనడాలో పుట్టిన హారీ సాల్ట్జ్‌మన్ నవలల హక్కులకై ఒప్పందము వ్రాయించుకొనెను. అతనికి హక్కున్నది, పెట్టుబడి లేదు. ఒప్పందపు గడువా, తీరవచ్చుచున్నది. వుల్ఫ్ మాంకొవిట్స్ అను రచయిత ఈ యిరువురను కలిపెను. 1961లో వారు న్యూయార్కునకు పోయి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ ప్రముఖుడు ఆర్థర్ క్రిమ్‌ను కలిసికొనగా, సుమారు 10 లక్షల డాలర్ల వ్యయముతో తొలిచిత్రము తీయుటకు అంగీకారము లభించెను. నిర్మాణమునకు ఇయాన్ సంస్థను, హక్కులను ధరించుటకు డాన్‌జాక్ అను వేఱొక సంస్థను నెలకొల్పిరి. ‘డాన్’ అనగా బ్రాకలీ భార్య డానా, ‘జాక్’ అనగా సాల్ట్జ్‌మన్ భార్య జాక్వెలిన్. ప్రతిచిత్రారంభమున భర్తల పేర్లు పెద్దక్షరములలో వెలుగుచుండగా, భార్యల పేర్లు సంస్థ పేరులో సగములు సగములుగా నిమిడిపోయినవి. తొలిచిత్రపు రచయితలలో జొహానా హార్వుడ్ అను ఐరిష్ స్త్రీ యొకతె కలదనియు, రెండవచిత్రమునను ఆమె చేయి యున్నదనియు తెలిసినవారెందరు?

నాయకపాత్రకు ఎన్నికైనవాడు షాన్ కానరీ. ఎడిన్‌బరో నగరపు పేదవాడలో పుట్టి, బాల్యమున ఇంటింట పాలుపోసి, పిమ్మట శవపేటికలకు మెఱుగుపెట్టి బ్రదికినవాడు. ఫ్లెమింగ్ తొలుత ఇతనినిచూచి మొగము చిట్లించెను. ఉన్నతవర్గపు సొగసు తెలిసిన పురుషుడు ఆయన మనస్సులోని బాండ్. ఆ సొగసును కానరీకి నేర్పినవాడు దర్శకుడు టెరెన్స్ యంగ్. తన దర్జీ యగు ఆంథొనీ సింక్లేర్ దుకాణమునకు కొనిపోయి సూట్లు కుట్టించి, భోజనపు బల్లయొద్ద మెలగుట, మాటలో పొదుపు పాటించుట, నిర్లక్ష్యముగా నిలుచుట మున్నగునవన్నియు ఒక గురువు శిష్యునకు నేర్పునంత శ్రద్ధతో నేర్పెను. అందుచే మనము తెరపై చూచు బాండ్ నడవడి చాలవఱకు యంగ్‌గారి నడవడియే. ఫ్లెమింగ్ కూడ పిమ్మట మనస్సు మార్చుకొని, 1964 నాటి తన నవలలో బాండ్ తండ్రిని స్కాట్లండు దేశీయునిగా వ్రాసెను. నటుడు పాత్రకు అనుగుణముగ మారుట మన మెఱుగుదుము. పాత్ర తన వంశవృక్షమును నటునికై మార్చుకొనుట అరుదు.

ఇక ఆ రాగము. గిటారు తీగపై గుసగుసగా మొదలై, ఇత్తడి వాద్యముల గర్జనలోనికి లంఘించు ఆ స్వరమాలను నేనిప్పుడు పేర్కొనగానే మీ చెవులలో అది మ్రోగియుండును. దాని పుట్టుక తెలిసినప్పుడు నేను పొందిన ఆశ్చర్యమును మీతో పంచుకొనకుండ నుండజాలను. ట్రినిడాడు ద్వీపమునకు చెఱకుతోటల కూలీలుగా వెడలిన భారతీయుల సంతతివాడైన వి.యస్. నైపాల్, ఆ ద్వీపమందలి యొక భారతీయ కుటుంబపు కష్టసుఖములను ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్’ అను నవలగా 1961లో వెలువరించెను. దానిని సంగీతనాటకముగా ప్రదర్శింప నొక యత్నము జరిగినది. ఆ నాటకమునకై మాంటీ నార్మన్ అను లండను స్వరకర్త భారతీయచ్ఛాయ తోపించు నొక పాట కట్టెను. నాటకము రంగమెక్కలేదు; పాట నార్మన్ యింటి సొరుగులో పడియుండెను. ‘డాక్టర్ నో’కు సంగీతము సమకూర్చవలసివచ్చినప్పుడు ఆయన ఆ పాటను వెలికితీసి, సాగిన స్వరములను తునుకలుగా ఖండించి, వేగము మార్చి, గూఢచారి కప్పగించెను. ఇల్లులేని భారతీయుని కథకై పుట్టిన బాణీ, ఇల్లే అక్కఱలేని ఆంగ్ల గూఢచారికి ఆజన్మ సహచరమయ్యెను.

నిర్మాతలకు దానితో తృప్తి కలుగలేదు. జాన్ బారీ అను యువ వాద్యబృంద నాయకుని పిలిపించిరి. 1962 జూనులో ఆయన ఆ బాణీకి వాద్యవిన్యాసము సమకూర్చి, విక్ ఫ్లిక్ చేత విద్యుద్గిటారు వాయింపించి ముద్రణ చేయించెను. టైటిళ్లలో స్వరకర్త పేరు నార్మన్‌దే. పిమ్మట బారీ పదునొకండు బాండ్ చిత్రములకు సంగీతము కూర్చి జగద్విఖ్యాతుడగుటచే, ఆ బాణీయు నాతనిదే యను వాదు బయలుదేఱెను. ఒక ఆంగ్ల పత్రిక ఆ మాటనే ప్రకటింపగా నార్మన్ న్యాయస్థానమున కెక్కెను. 2001లో జ్యూరీ ఆయన పక్షమున తీర్పుచెప్పి 30,000 పౌనుల పరిహార మిప్పించెను. న్యాయము నార్మన్‌దియే, కాని బారీ లేనిచో ఆ బీజము వృక్షమయ్యెడిది కాదని నా యభిప్రాయము. గీతమునకు తండ్రి యొక్కడే కావలెనని చట్టము కోరును. చెవి అట్లు కోరదు.

బాణీతోపాటు వచ్చు ఆ తొలి దృశ్యమున్నదే, తెల్లని వలయములో నడచివచ్చి చటాలున మనవైపు తిరిగి తుపాకి పేల్చు ఆకారము, దానిని కల్పించినవాడు మారిస్ బైండర్. నిజమైన తుపాకి గొట్టములోనుండి సూదిబెజ్జపు కెమెరాతో ఆ చిత్రమును పట్టెను. తొలి మూడు చిత్రములందును ఆ వలయములో కనబడునది కానరీ కాదు. అతనికి బదులుగా పోరాటములు చేయు బాబ్ సిమన్స్. ‘డాక్టర్ నో’లో పడకపై ప్రాకు పెనుసాలీడు నిజముగా ప్రాకినది ఈ సిమన్స్ శరీరముపైననే. ఈ చిత్రపరంపరకు మొట్టమొదటి ఆస్కార్ బహుమతి తెచ్చినవాడును నటుడు గాడు, దర్శకుడు గాడు. ‘గోల్డ్ ఫింగర్’కు ధ్వనులు సమకూర్చిన నార్మన్ వాన్‌స్టాల్. చెవికి దక్కిన గౌరవమని దానిని నేను ప్రత్యేకముగ స్మరించుచున్నాను.

చెవిని విడిచి ఒక్క నిమిషము కంటివైపు పోవలసియున్నది. సెట్ల నిర్మాత కెన్ ఆడమ్‌ను విడిచి ఈ కథ చెప్పుట పాపము. ఈయనయు బెర్లిన్‌లో, 1921లో, యూదుల ఇంట జన్మించి, 1934లో ఇంగ్లండు చేరిన శరణార్థియే. జర్మనీలో పుట్టియు యుద్ధకాలమున బ్రిటిషు వైమానికదళమున యుద్ధవిమానము నడపిన అతికొద్దిమందిలో నొకడు. తొలిచిత్రపు బృందము జమైకాలో షూటింగునందుండగా, లండను సమీపమున పైన్‌వుడ్ స్టూడియోలో ఈయన యొంటరిగా, అతిస్వల్పమైన పైకముతో సెట్లు నిర్మించెను. దర్శకుడు తిరిగివచ్చి చూచువఱకు వానిని మెచ్చుటకుగాని తెగడుటకుగాని మనుష్యుడు లేడు. అంతకు ముందటి సంవత్సరమే లండను నేషనల్ గ్యాలరీనుండి గోయా చిత్రించిన వెల్లింగ్టన్ ప్రభువు పటము దొంగిలింపబడియుండెను. ఆడమ్ దాని నకలును స్వయముగా చిత్రించి డాక్టర్ నో మందిరమున నిలుపగా, బాండ్ మెట్లెక్కుచు దానిని చూచి ఒక్క క్షణ మాగును. దొంగ యెవడో దొరికినట్లు లండను ప్రేక్షకులు గొల్లున నవ్విరి.

ఐదేండ్లలో ఆ స్వల్పము అనల్పమైనది. ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’కై ఆడమ్ పైన్‌వుడ్‌లో కట్టిన అగ్నిపర్వతపు గర్భమునకు, అందలి రాకెట్టుకు, ఒంటిపట్టాల బండికి, తెఱచుకొను కప్పుకు వెరసి సుమారు 10 లక్షల డాలర్లు, అనగా తొలిచిత్రమంతటికైన ఖర్చు. 1976లో ‘ది స్పై హూ లవ్డ్ మీ’కై ఓడలను మ్రింగు ఓడను నిలుపవలసివచ్చి అంతకంటె పెద్ద శాలనే కట్టించిరి. అంత విశాలమైన చోటున వెలుతు రెట్లు నింపవలెనో తెలియక ఆడమ్ చింతించుచుండెను. ఛాయాగ్రాహకుడు క్లాడ్ రెన్వార్‌కు అప్పటికే చూపు మందగించియుండెను. ఆడమ్ తన మిత్రుడైన స్టాన్లీ క్యూబ్రిక్‌ను బ్రతిమాలగా, ఆ మహాదర్శకుడు, ఈ సంగతి యెవరికిని తెలియరాదను నియమముపై, పనివారెవ్వరును లేని యొక సెలవునాడు రహస్యముగ వచ్చి, దీపములెచ్చటెచ్చట నుంచవలెనో చూపి వెడలిపోయెను. గూఢచారి చిత్రమునకు ఇంతకంటె తగిన గూఢకార్యము వేఱేమున్నది?

మఱి, దుఃఖకరమైన ఘట్టమును చెప్పవలసియున్నది. 1959లో, నవలలకు నిర్మాతలింకను దొరకని దినములలో, ఫ్లెమింగ్ కెవిన్ మెక్‌క్లోరీ అను ఐరిష్ నిర్మాతతోను, జాక్ విటింగ్‌హామ్ అను రచయితతోను కలిసి చిత్రకథయొకటి సిద్ధపఱచెను. ఆ ప్రయత్నము సాగలేదు. ఫ్లెమింగ్ ఆ కథనే 1961లో ‘థండర్ బాల్’ నవలగా, తోటివారి పేర్లు చెప్పకయే ప్రకటించెను. మెక్‌క్లోరీ వ్యాజ్యము వేసెను. 1963 నవంబరులో విచారణ సాగుచుండగా రాజీ కుదిరినది: చిత్రహక్కులు మెక్‌క్లోరీకి, ఇకపై ముద్రించు ప్రతులలో ముగ్గురి పేర్లు. అప్పటికే గుండెజబ్బు సోకియున్న ఫ్లెమింగ్, 1964 ఆగష్టు 12న, ‘గోల్డ్ ఫింగర్’ విడుదలకు నెలదినములు ముందు, తన యేబదియాఱవయేట మరణించెను. ఫ్లెమింగ్ రచనల నభిమానించువాడనైనను, ఈ విషయమున తప్పు ఆయనదే యనక తప్పదు. కలిసి వ్రాసినదానిపై ఒక్కని పేరే వేసికొనరాదు.

ఆ తప్పునకు ఫలము అర్ధశతాబ్దము ననుభవింపవలసివచ్చెను. ప్రతినాయకుడైన బ్లోఫెల్డును, అతని స్పెక్టర్ సంఘమును డెబ్బదులలో నిర్మాతలు వదలుకొనవలసివచ్చెను. అందుకే 1981 నాటి ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ ఆరంభమున చక్రాలకుర్చీలో తెల్లపిల్లితో కనబడు బట్టతల మనుష్యునకు పేరు లేదు. 1983లో మెక్‌క్లోరీ హక్కుపై కానరీ నటించిన చిత్రమును, బ్రాకలీ పక్షమున రోజర్ మూర్ నటించిన ‘ఆక్టోపుసీ’యు ఒకే సంవత్సరమున పోటీపడినవి. మెక్‌క్లోరీ వారసులనుండి హక్కులు కొని ఈ తగవు తీర్చుకొనుసరికి 2013వ సంవత్సరము వచ్చినది.

‘ఆక్టోపుసీ’ మన ఉదయపురమున చిత్రింపబడినది. మదరాసు టెన్నిస్ వీరుడు విజయ్ అమృతరాజ్ అందు నటించెను. సరోవరసౌధములను అందముగ చూపినను, మన వీధులను పాములవాండ్రతోను మేకుల పడకలతోను నింపుట నాకు నొప్పి కలిగించినది. స్త్రీలను చూపు తీరును ఈ చిత్రములలో చాలవఱకు నేను సమర్థింపజాలను. అయినను వాని యాకర్షణ మన లోకమునను వేళ్లూనినది. 1966లో డూండీ, సుందర్‌లాల్ నహతాలు నిర్మింపగా మల్లికార్జునరావు దర్శకత్వమున ‘గూఢచారి 116’ వెలువడి, యువకుడైన కృష్ణగారికి ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అను బిరుదు తెచ్చిపెట్టెను.

తక్కిన చరిత్ర సంగ్రహముగ చెప్పెదను. సాల్ట్జ్‌మన్ అప్పులలో మునిగి 1975లో తన భాగము నమ్ముకొనెను. బ్రాకలీ 1996లో మరణించెను. కుమార్తె బార్బరా, సవతికుమారుడు మైఖేల్ విల్సన్ ఆ భారము వహించిరి. 2021 నాటికి ఇయాన్ సంస్థ చిత్రములు 25. నాయకులుగా నటించినవారు ఆర్గురు. 2025 ఫిబ్రవరిలో ఆ యన్నాచెల్లెండ్రు సృజనాధికారమును అమెజాన్ సంస్థ కప్పగించి తప్పుకొనిరి. ఒక కుటుంబపు చేతిలో అరువదేండ్లకు పైగా నిలిచిన పని వర్తక సంస్థ చేతికి పోవుట నాకు సంతోషము కలిగింపలేదు.

నికీ వాన్ డెర్ జిల్ తన జ్ఞాపకములను 2013లో గ్రంథముగ వెలువరించెను. ‘మీ చెవులకు మాత్రమే’ అని యర్థమిచ్చునట్లు దానికి పేరుపెట్టెను. 2021 మార్చిలో ఆమె కన్నుమూసెను. ఘంటసాలవారి పేరు మన చిత్రముల టైటిళ్లలో ఏనాడో గౌరవముగ వెలసినది. ‘డాక్టర్ నో’ టైటిళ్లలో నికీ పేరు లేదు.